పసుపు మాత్ర వెనక మనిషి: యల్లాప్రగడ సుబ్బారావు

మాది అమరావతి. రోజూ రాత్రి అన్నం తిన్నాక అన్నయ్య వేసుకునే మందుల్లో ఒక చిన్న పసుపు మాత్ర ఉంటుంది. పేరు ఫోలిక్ యాసిడ్. కడుపుతో ఉన్నవాళ్లకిచ్చే మాత్ర మగపిల్లాడికెందుకని అమ్మ మొదట్లో డాక్టరు గారిని అడిగేసింది కూడా.

అన్నయ్యకి 19 ఏళ్లకే పక్షవాతం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వచ్చింది. అంతకు చాలా ఏళ్ల ముందే కంట్లో లెన్స్ పక్కకి జారి ఆపరేషన్ అయింది. ఆ రెంటికీ సంబంధం ఉందని మాకెవరికీ తట్టలేదు. చివరికి రక్తపరీక్షలో హోమోసిస్టీన్ విపరీతంగా ఉందని తేలింది. జబ్బు పేరు హోమోసిస్టిన్యూరియా.

మనం తినే మాంసకృత్తుల్లోని మెథియోనిన్ నుంచి ఒంట్లో హోమోసిస్టీన్ తయారవుతుంది. అది పేరుకోకుండా పోవడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, బి6 విటమిన్ సాయంతో సీబీఎస్ అనే ఎంజైము దాన్ని వేరే పదార్థంగా మార్చడం. రెండోది, ఫోలేట్, బి12 కలిసి దాన్ని మళ్లీ మెథియోనిన్ చేయడం. 21వ క్రోమోజోము మీదుండే సీబీఎస్ జన్యువు రెండు ప్రతులూ పాడైతే మొదటి దారి మూసుకుపోతుంది. హోమోసిస్టీన్ పేరుకుని రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీస్తుంది, రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకి రక్తం అందకుండా చేస్తే పక్షవాతం. పసుపు మాత్ర రెండో దారిని నడిపిస్తుంది. జన్యువుని మాత్రం బాగుచేయదు.

ఈ మాత్ర ఎక్కడిదా అని వెతుకుతూ పోతే అమెరికా మీదుగా తిరిగి మన భీమవరంలో తేలాను.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద పెద్ద ధ్యాస లేదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోతే పట్టుకొచ్చారని చెప్తారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. బ్యాక్‌లాగ్‌లున్న మిత్రులు గమనించగలరు!

మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడుక్కున్నారు. అది దొరగారైన సర్జరీ ప్రొఫెసర్‌కి నచ్చలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్. ఆ రోజుల్లోనే స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో పోయారు. ఆయనకీ అదే జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికారు.

మామగారి డబ్బు, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం తోడై 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రపాత్రలు కడిగారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో వచ్చిన ఆ పద్ధతిని బయోకెమిస్ట్రీ వాళ్లు ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారో పద్ధతి అనే అంటారు. 1929లో ఇద్దరూ కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా గుర్తించాడు. ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు.

1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లారు. రక్తహీనతని తగ్గించే పదార్థమేదో కాలేయంలో ఉందని దానికోసం పట్టుబట్టి వెతికారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. తన అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి కూడా ఆ మందు పనిచేసింది. అదే అణువుని కొంచెం మార్చి చేసిన మందుతో రక్తక్యాన్సర్ పిల్లల్లో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. బోదకాలుకి వాడే డీఈసీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా ఆయన నడిపిన బృందాల నుంచే వచ్చాయి.

1948 ఆగస్టు 8న న్యూయార్క్‌లో, 53 ఏళ్లకే చనిపోయారు. వెళ్లాక ఒక్కసారి కూడా ఇండియా రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. పసివాడైన కొడుకు ఇక్కడే చనిపోయాడు. ఇది చదివినప్పుడు నాకు గొప్పగా ఏమీ అనిపించలేదు, బాధేసింది.

మా అన్నయ్య జబ్బుకి ఆయన బతికుండగా పేరే లేదు. 1962లో, ఆయన పోయిన 14 ఏళ్లకి, ఉత్తర ఐర్లాండ్‌లో డాక్టర్లు దాన్ని మొదట గుర్తించారు. రక్తహీనత కోసం వెతికిన మందు మా ఇంటి దాకా వచ్చింది.

ఇక నా సంగతి. అమ్మానాన్నలది మేనరికం. ఇద్దరిలోనూ ఒక్కో ప్రతి పాడైంది, అందుకే వాళ్లకి జబ్బు రాలేదు. అలాంటి జంటకి పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. నాకు రాలేదు. ఆ నాలుగింట్లో జబ్బున్న ఒకటి తీసేస్తే మిగిలే మూడింట్లో రెండు, పాడైన ప్రతిని మోసేవే. అంటే నేను మోస్తుండే అవకాశం మూడింట రెండు. ఇప్పుడు మా మేనత్త నన్ను బావకి అడుగుతోంది. బావ మంచివాడే. కానీ అదే ప్రతి అతనిలోనూ ఉండొచ్చు.

సుబ్బారావుగారు ఇద్దరు అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నప్పుడు ఆ జబ్బుకి మందేమిటో ఎవరికీ తెలీదు. మాకు కారణం కూడా తెలుసు. తెలిసీ చూడనట్టు ఉండటం నావల్ల కాలేదు. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు, ముందు ఇద్దరం జన్యుపరీక్ష చేయించుకుంటాం, ఆ తర్వాతే పెళ్లిమాట అని అందరిముందూ చెప్పేశా. అత్త అలిగింది. నాన్న ఏమీ అనలేదు. వారం తర్వాత బావే ఫోన్ చేసి, పరీక్షకి ఎప్పుడు వెళ్దామని అడిగాడు.