కెరటాల ఇంజనీరు బాబ్ సిమ్మన్స్

దుంగలు పక్కపక్కన పేర్చి తాడుతో బిగించిన తెప్ప మీద కెరటాలు దాటి వెళ్ళడం మన కోస్తా మత్స్యకారులకు తరతరాలుగా వచ్చిన విద్య. అదే సముద్రం మీద ఒంటరిగా, ఒకే ఒక్క బల్ల మీద నిలబడి కెరటంతోపాటు ఒడ్డుకు జారి రావడాన్ని సర్ఫింగ్ అంటారు. హవాయి దీవులవారి ఆట ఇది. ఈ బల్ల తయారీలోకి లెక్కలనూ, ఇంజనీరింగునూ తీసుకొచ్చిన వ్యక్తిగా బాబ్ సిమ్మన్స్‌ను సర్ఫింగ్ లోకం ఈనాటికీ తలుచుకుంటుంది. మన మొగల్తూరు విద్యార్థులకు ఆయన పేరు కొత్త కావచ్చు. కానీ ఆయన జీవితం మనం తెలుసుకోదగినది.

సిమ్మన్స్ 1919లో అమెరికాలోని లాస్ ఏంజెల్స్‌లో జన్మించారు. పదహారేళ్ళ ప్రాయంలో చీలమండ దగ్గర క్యాన్సర్ కణితి లేచింది. కాలు తీసివేయవలసి వస్తుందేమోనన్న గండం ఎలాగో తప్పింది. ఆ కాలికి బలం రావాలని సైకిల్ తొక్కుతూ ఉంటే ప్రమాదం జరిగి ఎడమ మోచేయి విరిగింది. ఆ చేయి తర్వాత ఎన్నడూ మామూలుగా వంగలేదు. ఆసుపత్రిలో ఉండగా తోటి రోగి ఒకాయన సర్ఫింగ్ చేస్తే చేతికి వ్యాయామం అవుతుందని చెప్పాడట. అలా మొదలైంది.

హైస్కూలు చదువు మధ్యలోనే ఆగిపోయింది. అయినా ప్రసిద్ధమైన కాల్‌టెక్ సంస్థలో ఇంజనీరింగు చదవడానికి చేరారు. తర్వాత డగ్లస్ విమానాల కంపెనీలో లెక్కల పని చేశారు. ఆయన అన్నగారు ఎడ్వర్డ్ కూడా సామాన్యుడు కాదు. లోహం మీద పడే ఒత్తిడిని సన్నని తీగతో కొలిచే స్ట్రెయిన్ గేజ్‌ను 1938 ప్రాంతంలో కనిపెట్టిన వారిలో ఆయన ఒకరు. ఈనాడు కిరాణా కొట్టులో మనం చూసే ఎలక్ట్రానిక్ కాటా లోపల పనిచేసేది ఆ సూత్రమే.

ఇక బల్లల సంగతి. ఆ రోజుల్లో సర్ఫ్‌బోర్డు అంటే గట్టి కలప. నలభై కిలోలు తూగేవి కూడా ఉండేవి. రెండు చేతులూ బాగున్నవాడికే దాన్ని నీటిదాకా మోయడం కష్టం. చేయి వంగని సిమ్మన్స్‌కు బల్ల తేలిక కావడం సరదా కాదు, అవసరం. ఆయన పట్టుదలకు మూలం అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

యుద్ధం ముగిశాక ఫైబర్ గ్లాస్, రెజిన్ బజారులోకి వచ్చాయి. మన తీరంలో ఈనాడు కనిపించే ఫైబర్ బోట్లకు వాడేవి అవే. తేలికైన బాల్సా కలపకు ఆయన ఆ తొడుగు వేశారు. అంతటితో ఆగక, 1949 ప్రాంతంలో థర్మాకోల్ జాతి పదార్థాన్ని లోపల పెట్టి చూశారు. అయితే థర్మాకోల్ మీద పెట్రోలు పడితే ఏమవుతుందో మనకు తెలుసు కదా! ఆ రెజిన్ తగిలినా అంతే, కరిగిపోతుంది. అందుకని పైనా కిందా పలచని ప్లైవుడ్, అంచులకు బాల్సా అతికి, దానిమీద ఫైబర్ గ్లాస్ వేశారు. శాండ్‌విచ్ బోర్డు అని దానికి పేరు వచ్చింది.

ఆకారం విషయంలో ఆయనకు దారి చూపింది ఒక పుస్తకం. నీటిమీద వేగంగా జారే పడవల గురించి లిండ్సే లార్డ్ అనే ఆయన రాసిన గ్రంథం 1946లో వెలువడింది. చెరువులో విసిరిన పెంకు మునగకుండా కప్పగంతులు వేస్తూ పోతుంది చూడండి, వెడల్పుగా, చదునుగా ఉన్న అడుగు భాగం వేగం అందుకుంటే అలాగే నీటిని నొక్కి పైకి లేస్తుంది. సిమ్మన్స్ బల్ల తోకను వెడల్పు చేశారు. కానీ వెడల్పు తోకకు మధ్యలో ఒక్కటే రెక్క ఉంటే, పక్కకు వాలినప్పుడు అది నీటినుంచి బయటకు లేచి బల్ల జారిపోతుంది. అందుకని అంచుల దగ్గర రెండు రెక్కలు పెట్టారు. ఎటు వాలినా ఒకటి నీటిలోనే ఉంటుంది.

మనిషి మాత్రం కలుపుగోలు వాడు కాదు. పాత ఫోర్డు కారు మీద బల్ల కట్టుకుని తీరమంతా తిరగడం, ఆ కారులోనే నిద్ర, డబ్బాలోని చిక్కుళ్ళు చల్లగానే తినడం. ఎదురు చెప్పినవారిమీద చిర్రుబుర్రులాడేవారని చెబుతారు.

1954 సెప్టెంబరు 26న శాన్‌డియాగో నగరంలోని విండన్‌సీ తీరంలో పెద్ద కెరటాలు వస్తున్నాయి. సిమ్మన్స్ సముద్రంలోకి దిగారు, మళ్ళీ ఒడ్డుకు రాలేదు. కొన్ని రోజులకు శవం దొరికింది. వయసు 35 ఏళ్ళు. బల్లను కాలికి కట్టుకునే తాడు అప్పటికి లేదు, అది 1970ల్లో వాడుకలోకి వచ్చింది. బల్ల చేజారితే ఎంత బలమైన ఈతగాడైనా ఒంటరివాడే. పేరుపాలెంలో స్నానానికి దిగి కొట్టుకుపోయినవారి వార్తలు చదివిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

పదమూడేళ్ళ తర్వాత, 1967లో, అదే శాన్‌డియాగోలో స్టీవ్ లిస్ అనే కుర్రవాడు మోకాళ్ళమీద కూర్చుని నడిపే పొట్టి బల్ల ఒకటి చేశాడు. వెడల్పైన ఒళ్ళు, చందువా చేపకు ఉన్నట్టు చీలిన తోక, రెండు పక్కలా రెండు రెక్కలు. దానికి ఫిష్ అనే పేరు స్థిరపడింది. వెడల్పు తోక, రెండు రెక్కలు అనగానే తెలిసినవారికి సిమ్మన్స్ గుర్తుకొస్తారు.

ఇప్పుడు ఇంటి దగ్గరే ఫిష్ బోర్డు చేసుకునేవారు చాలామంది. నిలబడి నడిపేదైతే ఐదున్నర అడుగుల పొడవు, ఇరవై ఒక్క అంగుళాల వెడల్పు ఉంటే చాలు. వారు మొదట చేసేది అచ్చు. బల్ల మొత్తానికి అచ్చు తీయరు, నిలువునా సగానికే తీస్తారు. జాకెట్టు గుడ్డను టైలరు మడతపెట్టి సగమే గీసి కత్తిరించినట్టన్నమాట. పలచని ప్లైవుడ్ ముక్క తిన్నని అంచును మధ్యగీతగా తీసుకుని, అక్కడక్కడ సగం వెడల్పు కొలిచి చుక్కలు పెడతారు. సన్నని బద్దను వంచి చుక్కలను కలుపుతూ గీత గీసి, రంపంతో కోసి, ఉప్పుకాగితంతో అంచును నున్నగా రుద్దుతారు. తర్వాత ఫోమ్ దిమ్మె మీద వడ్రంగులు కొట్టినట్టు రంగుదారంతో మధ్యగీత కొట్టి, అచ్చును దానికి ఆనించి ఒక పక్క గీస్తారు. అచ్చును తిరగేసి రెండో పక్క గీస్తారు. రెండు పక్కలా ఒకేలా రాకపోతే బల్ల కెరటం మీద ఒక వైపే లాగుతుంది. కోత అయ్యాక ఆ అచ్చును పారేయరు. పొడవూ వెడల్పూ దానిమీదే రాసి, గోడకు మేకు కొట్టి తగిలిస్తారు.