వంద డాలర్ల ఓటు

అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో గెలిచినవాళ్ళ చరిత్రలు గ్రంథాలయంలో బీరువాలకొద్దీ ఉన్నాయి. నేను చెప్పబోయేది ఆ ఎన్నికల్లో ఓటు వేసినందుకు శిక్షపడిన ఒకావిడ సంగతి.

సుసాన్ బి. ఆంథొనీ 1820లో మసాచుసెట్స్ రాష్ట్రంలో క్వేకర్ల ఇంట జన్మించింది. కొన్నేళ్ళు పంతులమ్మగా పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. బానిసత్వం పోవాలని ఊరూరా తిరిగి ఉపన్యసించింది. కానీ 1870లో నల్లజాతి పురుషులకు ఓటు హక్కునిచ్చిన రాజ్యాంగ సవరణను, స్త్రీలను వదిలేశారన్న కోపంతో వ్యతిరేకించింది. అక్కడ మాత్రం నేను ఆమె పక్షాన నిలబడలేను.

1872లో అధ్యక్షుడు గ్రాంట్ మీద న్యూయార్క్ పత్రికా సంపాదకుడు హొరేస్ గ్రీలీ పోటీ చేశాడు. ఆ రాష్ట్రంలో స్త్రీలకు ఓటు లేదు. అయితే 1868 నాటి సవరణ ప్రకారం దేశంలో పుట్టినవారంతా పౌరులే కదా, పౌరురాలికి ఓటెందుకుండదని ఆంథొనీ వాదన. రోచెస్టర్ పట్టణంలో ఓటర్ల పేర్లు రాసుకుంటున్న చోటికి అక్కచెల్లెళ్ళతో వెళ్ళి కూర్చుంది. పేరు రాసుకోకపోతే మీ మీదే దావా వేస్తానంది. పాపం, ఆ ముగ్గురు కుర్ర అధికారులూ తర్జనభర్జన పడి రాసుకున్నారు. నవంబరు 5న ఆమె, మరో 14 మంది స్త్రీలు ఓట్లు వేశారు. ఆమె ఓటు గ్రాంట్‌కే. రాష్ట్రంలోనూ, దేశంలోనూ ఆయనే గెలిచాడు.

రెండు వారాలు తిరక్కుండానే అరెస్టు. మగవాళ్ళని ఎలా పట్టుకెళ్తారో నన్నూ అలాగే తీసుకెళ్ళండని చేతులు చాపిందట! విచారణకు ముందు జిల్లా అంతా తిరిగి తన వాదన వినిపించింది. దాంతో కేసును పక్క జిల్లాలోని కానన్‌డెయిగ్వాకు మార్చారు. అక్కడా తిరిగింది. 1873 జూన్‌లో జడ్జి వార్డ్ హంట్ ముందే రాసి తెచ్చుకున్న తీర్పు చదివి, దోషి అని తేల్చమని జూరీని ఆదేశించాడు. జూరీని నోరు విప్పనివ్వలేదు. జరిమానా వంద డాలర్లు. ఒక్క డాలరూ కట్టనని ఆమె జడ్జి మొహానే చెప్పేసింది. కట్టేదాకా జైల్లో పెట్టమని మాత్రం ఆయన ఆజ్ఞాపించలేదు. పెడితే ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్ళే దారి దొరికేది మరి. గడుసు జడ్జి!

ఓట్లు తీసుకున్న ఆ ముగ్గురికీ తలా 25 డాలర్లు జరిమానా పడింది. వాళ్ళూ కట్టమన్నారు, జైలుకెళ్ళారు. 1874లో వాళ్ళకు క్షమాభిక్ష పెట్టినవాడు గ్రాంటే.

ఆంథొనీ 1906లో రోచెస్టర్‌లోనే కన్నుమూసింది. న్యూయార్క్ స్త్రీలకు ఓటు 1917లో వచ్చింది. ఆ వంద డాలర్లు మాత్రం ఆమె చివరిదాకా కట్టలేదు.