నొప్పి లేని పాదం – డాక్టర్ షార్కో

ఈసారి గోడపత్రికకి ఒక ప్రముఖుడి జీవితం రాయమన్నారు మేడమ్. నేను కవినో నాయకుణ్ణో కాక ఒక ఫ్రెంచి డాక్టరుని ఎంచుకున్నాను. కారణం మా అవ్వ పాదం.

అవ్వకి ఇరవై ఏళ్ళుగా షుగరు. పోయినేడాది ఎడమ పాదం వాచింది. ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉండేది. నొప్పి మాత్రం పెద్దగా లేదు. ఎక్స్‌రే తీయిస్తే ఎముకలు బాగున్నాయన్నారు. బెణుకేలే అనుకున్నాం. అవ్వ ఎప్పట్లాగే ఇల్లంతా తిరిగింది. రెండు నెలలకి పాదం మధ్యలో వంపు కుంగిపోయింది. అప్పుడు ఇంకోచోట ఎంఆర్‌ఐ తీసి, ఇది షార్కో పాదం అన్నారు. ఆ పేరు ఎవరిదా అని వెతికాను.

జాన్ మార్టిన్ షార్కో 1825లో పారిస్‌లో పుట్టారు. తండ్రి గుర్రబ్బండ్లు తయారుచేసేవాడు. షార్కోకి బొమ్మలు వెయ్యడం బాగా వచ్చు. వైద్యం చదివి, 1862లో సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగా చేరారు. అక్కడ వేలమంది ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. చాలామంది ముసలివాళ్ళు, బీదవాళ్ళు, ఎవరూ లేనివాళ్ళు. ఆయన వాళ్ళని ఏళ్ళ తరబడి గమనించేవారు. చనిపోయాక శవపరీక్ష చేసి, బయట కనిపించిన లక్షణానికి లోపల కారణం ఏమిటో పోల్చి చూసేవారు.

టేబీస్ అనే వెన్నుపాము జబ్బు ఉన్నవాళ్ళకి కీళ్ళు ఉన్నట్టుండి వాచి, పెద్దగా నొప్పి లేకుండానే పాడైపోవడం గమనించి 1868లో రాశారు. మూలం నరాల్లో ఉందన్నారు.

ఒక మాట దాచకూడదు. హిస్టీరియా ఉందన్న ఆడవాళ్ళని నిండు సభలో నిలబెట్టి ఆయన పాఠాలు చెప్పేవారు. అది చదివి నాకు బాధేసింది. ఆ పద్ధతిని అప్పుడూ విమర్శించారు, ఇప్పుడూ విమర్శిస్తున్నారు.

1893లో షార్కో చనిపోయారు. మరో రెండేళ్ళకి, 1895లో, రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టారు. అంటే బతికున్న మనిషి ఎముకని షార్కో ఒక్కసారి కూడా బొమ్మలో చూడలేదు! షుగరు వల్ల కూడా ఈ కీళ్ళ జబ్బు వస్తుందని 1936లో జోర్డన్ అనే అమెరికా డాక్టరు రాశారు.

మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ తెలియకపోవచ్చు. ఎముక లోపలి వాపు ఎంఆర్‌ఐలో ముందే కనిపిస్తుంది. అప్పుడే కాలు కదలకుండా కట్టు వేస్తే వంపు కుంగకుండా ఆపే వీలుంది. మాకు ఆ రెండు నెలలు పోయాయి.

అవ్వకి అయిదు నెలలు కట్టు ఉంది. నాన్న దాన్ని పిండికట్టు అంటారు, అమ్మ తమిళంలో మావుకట్టు అంటుంది. వెళ్ళిన ప్రతిసారీ కట్టు విప్పి, రెండు పాదాల వేడి పోల్చి చూసేవాళ్ళు. చివర మళ్ళీ ఎంఆర్‌ఐ తీసి, వాపు తగ్గిందని చూశాకే కట్టు పూర్తిగా తీసేశారు. ఇప్పుడు అవ్వ ప్రత్యేకంగా చేయించిన చెప్పులతో నడుస్తోంది. కుంగిన వంపు మాత్రం తిరిగి రాలేదు.

మనలో చాలామంది ఇళ్ళల్లో షుగరున్న పెద్దవాళ్ళు ఉన్నారు. ఈ రాత్రి వాళ్ళ రెండు పాదాలూ చేత్తో ముట్టుకుని చూడండి. ఒకటి వాచి, రెండోదానికన్నా వేడిగా ఉంటే, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. నడవనివ్వకుండా, మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.