నీటికి, వెలుగుకు బాట వేసిన డాక్టర్ కె.ఎల్. రావు

నీటిపారుదల, విద్యుత్తు జోడెడ్లవలె కలసి సాగినప్పుడే పల్లెసీమలు కళకళలాడుతాయన్న సత్యాన్ని ఆచరణలో చూపిన మహనీయులలో డాక్టర్ కానూరి లక్ష్మణరావు అగ్రగణ్యులు.

ఆయన 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. బాల్యంలోనే ఒక కంటి చూపు కోల్పోయినప్పటికీ చదువును విడువలేదు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో విద్యనభ్యసించి, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు.

కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో ఇంజనీరుగా నాగార్జునసాగర్ రూపకల్పనలో ఆయన ప్రముఖ పాత్ర వహించారు. 1955 డిసెంబరు 10న ఈ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. విదేశీ మారకద్రవ్యం కొరతగా ఉన్న ఆ రోజుల్లో భారీ యంత్రాలపై ఆధారపడకుండా, వేలాది శ్రామికులకు ఉపాధి కల్పిస్తూ 124 మీటర్ల ఎత్తున రాతి ఆనకట్ట నిర్మితమైంది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైంది. అనంతరం ప్రభుత్వరంగంలో నెలకొల్పిన జలవిద్యుత్ కేంద్రంలో టర్బైన్లను తిప్పిన నీరే దిగువకు ప్రవహించి, ప్రకాశం బ్యారేజీ ద్వారా కృష్ణా డెల్టా పొలాలకు చేరుతుంది. ఈ సౌభాగ్యం వెనుక ముంపు గ్రామాల ప్రజలు వదులుకున్న ఇళ్లు, భూములు ఉన్నాయన్నది మరువరానిది.

1962లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికైన డాక్టర్ రావు, మరుసటి ఏడాది కేంద్ర మంత్రివర్గంలో చేరి, సుమారు పదేళ్లు నీటిపారుదల, విద్యుత్ శాఖ బాధ్యతలు నిర్వహించారు. 1963లోనే పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు. ఆయన హయాంలో, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది. రాష్ట్ర విద్యుత్ బోర్డులకు ఈ సంస్థ సమకూర్చిన రుణాలతో పల్లెలకు లైన్లు వేశారు. కాలువ నీరు అందని మెట్ట రైతుకు కరెంటు మోటారు బావినీటిని తోడిపెట్టింది.

1972లో ఆయన గంగా-కావేరి అనుసంధాన పథకాన్ని ప్రతిపాదించారు. పాట్నా సమీపం నుండి 2,640 కిలోమీటర్ల మేర నీటిని తరలించాలన్నది దాని లక్ష్యం. అయితే నీటిని ఎత్తిపోయడానికే 5,000 నుండి 7,000 మెగావాట్ల విద్యుత్తు అవసరం కావడం, వ్యయం భారీగా ఉండడం వల్ల అది కార్యరూపం దాల్చలేదు. నీటి ప్రణాళికకు విద్యుత్తే హద్దు గీయగలదని ఈ అనుభవం చాటింది.

1986 మే 18న డాక్టర్ రావు పరమపదించారు. కృష్ణానదిపై 45.77 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించి, 2013లో ప్రారంభించిన పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టడం సముచితం. ఆ జలాశయం ఆంధ్రప్రదేశ్‌లోని డెల్టా ఆయకట్టును ఆదుకుంటుండగా, అక్కడే తెలంగాణ ప్రభుత్వ విద్యుత్ సంస్థ 120 మెగావాట్ల కేంద్రాన్ని నెలకొల్పింది. ఒకరికి పంటనీరు, మరొకరికి వెలుగు పంచే ఆ సాగరమే ఆయనకు శాశ్వత స్మారకం.