ఆట నేర్పిన బడి సారు – సయ్యద్ అబ్దుల్ రహీం

మన హాస్టల్‌లో ఎవరిని అడిగినా క్రికెట్ ఆటగాళ్ళ పేర్లు పది చెప్తారు. కాని ఫుట్‌బాల్‌లో మన దేశం ఒకప్పుడు ఆసియా మొత్తానికి మొదటి స్థానంలో నిలిచిందని చాలామందికి తెలియదు. ఒక్కసారి కాదు, 1951లో ఒకసారి, 1962లో ఇంకోసారి బంగారు పతకం తెచ్చింది. ఆ రెండుసార్లూ జట్టును తయారు చేసింది మన హైదరాబాదు బడిలో పాఠం చెప్పిన ఒక సారే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊర్లో అందరూ రహీం సాబ్ అనేవారు. నేను మాత్రం రహీం సార్ అనే రాస్తాను. ఎందుకంటే ఆయన ముందు సారు, తర్వాతే కోచ్.

రహీం సార్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. అక్కడ ఫుట్‌బాల్ కూడా బాగా ఆడారు. బి.ఏ. అయిపోయినంక కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఇంకా కొన్ని బడుల్లో పాఠాలు చెప్పారు. వాటిలో చాదర్‌ఘాట్ హైస్కూల్ ఒకటి. మన అత్తాపూర్ పక్కన పారే మూసీ ఉంది కదా, అదే నీళ్ళు పురానాపూల్, అఫ్జల్‌గంజ్ దాటి చాదర్‌ఘాట్‌కు పోతాయి. అంటే ఆయన పని చేసిన చోటు మనకు దూరం కాదు. తర్వాత ఆయన వ్యాయామ విద్యలో ఒక సంవత్సరం డిప్లొమా చేసి బడిపిల్లలకు ఆటలు నేర్పారు. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా కూడా చాలా ఏళ్ళు పని చేశారు.

ఇక్కడ ఒక మాట. జట్టుకు కొత్త కోచ్‌ని వెతకడం చాలా కష్టమైన పని. కోచ్ మైదానంలో దిగి ఆడడు. గెలిస్తే గోల్ కొట్టినవాళ్ళ పేరు పేపర్లో వస్తది. ఓడితే ముందు కోచ్‌నే తీసేస్తారు. అందుకని చాలా జట్లు పెద్ద పేరున్న పాత ఆటగాడిని తెచ్చి పెడతాయి. బాగా ఆడినోడు బాగా నేర్పుతాడని అనుకుంటారు. కాని ఆడటం వేరు, నేర్పటం వేరు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత రహీం సార్‌కు వచ్చింది. పోలీసుల జట్టుకు బడి సారు కోచ్! ఆయన చేతికి వచ్చాక ఆ జట్టు ఏం చేసిందో చూడండి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1950లో డ్యూరండ్ కప్ కూడా గెలిచింది. కలకత్తా పెద్ద జట్లు కూడా హైదరాబాదు అంటే భయపడే రోజులవి.

అది చూసి దేశం జట్టుకు కూడా ఆయననే పిలిచారు. 1951లో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగినయ్. ఫైనల్లో మన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించింది. ఆ గోల్ మేవాలాల్ కొట్టారు. దేశమంతా పండుగ.

మరుసటి ఏడే దెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయినం. అక్కడ చలి. మనవాళ్ళలో కొంతమంది బూట్లు లేకుండా ఉత్త కాళ్ళతో ఆడారు. ఇంత ఘోరంగా ఓడినంక ఇంకొకరైతే ఆటే వదిలేద్దురు. రహీం సార్ వదల్లేదు, ఆ ఓటమిని పాఠం లెక్క చదివారు. ఆ తర్వాత మన దేశంలో బూట్లు తప్పనిసరి అయినయ్. ఉత్త కాళ్ళ ఆట అక్కడితో పోయింది.

ఆయన నేర్పే పద్ధతి కూడా బడి పద్ధతే. మనకు లెక్కల్లో ఏది రాదో అదే ఎక్కువ చేయిస్తారు కదా, అట్లనే. కుడికాలు వాటం ఉన్నవాళ్ళు ఎడమకాలుతోనే ఆడాలని పోటీలు పెట్టారు. బంతిని తన దగ్గరే పెట్టుకుని ఒక్కడే ఉరకకూడదు, పక్కవాడికి అందించాలి అని ఇంకో రకం పోటీ పెట్టారు. పొట్టివాళ్ళకు వేరే పోటీలు పెట్టి వాళ్ళలో ఆటగాళ్ళను వెతికారు. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలబడి ఆడే పద్ధతిని మనవాళ్ళకు ముందుగా నేర్పింది ఆయనే. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్ గెలిచినంక ఆ పద్ధతి లోకమంతా పాకింది.

ఆటగాళ్ళను ఎంచడంలో కూడా ఆయన కన్ను వేరు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ అనే ఊరిలో తులసీదాస్ బలరాం అని పేదింటి పిల్లాడు ఉండేవాడు. ఆట బాగుంది, కాని రోజూ హైదరాబాదుకు వచ్చి నేర్చుకోవటానికి చేతిలో పైసల్లేవు. రహీం సార్ సైకిల్ అద్దెకు పైసలిచ్చి రమ్మన్నారు. ఆ పిల్లాడే తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడారు, 1962 బంగారు పతకం జట్టులో ఉన్నారు. ఆ సైకిల్ అద్దె ఎవరూ ఇయ్యకపోతే బలరాం పేరు ఎవరికి తెలిసేది? మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. అందుకని ఈ సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది.

10-1 ఓటమి జరిగినా ఆయన మీద నమ్మకం పోలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు మళ్ళీ ఆయననే కోచ్‌గా పంపారు. అక్కడ ఆస్ట్రేలియాను వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించినం. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. చివరికి నాలుగో స్థానం వచ్చింది. ఆ జట్టులో మన హైదరాబాదోళ్ళే చాలామంది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ముందుకు పోలేదు గాని ఫ్రాన్స్‌తో 1-1 సమానంగా ఆడారు.

ఇప్పుడు 1962. అప్పటికి రహీం సార్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. దగ్గుతూనే జట్టును జకార్తాకు తీసుకుపోయారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడినం. తర్వాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను గెల్చినం. థాయ్‌లాండ్ ఆటలో జర్నయిల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డయి. ఆయన వెనుక కాపలా కాసే ఆటగాడు. రహీం సార్ ఆయనను ఇంట్లో కూర్చోబెట్టలేదు, ముందుకు తెచ్చి గోల్ కొట్టే చోట నిలబెట్టారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటినం.

ఫైనల్ సెప్టెంబరు 4న. మళ్ళీ అదే దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా రానియ్యలేదని మన దేశ ప్రతినిధి సోంధీ తప్పుపట్టారు. అందుకని అక్కడి జనానికి మన మీద కోపం. దాదాపు లక్షమంది మనకు ఎదురుగా అరుస్తున్నరు. అంతకుముందు జ్వరంతో ఉన్న గోల్ కీపర్ పీటర్ తంగరాజ్‌ను ఫైనల్‌కు తిరిగి దింపారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, కుట్లతో ఉన్న జర్నయిల్ సింగ్ ఒక గోల్. 2-1తో గెల్చినం!

తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న రహీం సార్ చనిపోయారు. ఆయన కొడుకు హకీం కూడా రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. ఆయన కథ మీద 2024లో మైదాన్ అని హిందీ సినిమా వచ్చింది.

ఆయన తర్వాత కొత్త కోచ్ కావాలి. ఇంగ్లండు నుండి హారీ రైట్ వచ్చారు. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం వచ్చింది. 1970 ఆసియా క్రీడల్లో కంచు పతకం వచ్చింది. ఆ తర్వాత ఇక్కడివాళ్ళు, బయటి దేశాలవాళ్ళు చాలామంది కోచ్‌లు మారారు. ఆసియా క్రీడల బంగారం మాత్రం తిరిగి రాలేదు. నాకేమనిపిస్తదంటే, కోచ్ పేరు కాగితం మీద రాయటం ఒక్కరోజు పని. బడిపిల్లల్లోంచి ఆటగాళ్ళను పెంచటం ఇరవై ఏళ్ళ పని. పేరు మార్చారు గాని ఆ పని ఎవరు చేస్తరో చూసుకోలేదు.

మా గూడెంలో విత్తనాలు దాచే పని బలం ఉన్నోళ్ళకు ఇయ్యరు. ఏ గింజ మొలుస్తదో చూసి చెప్పే ముసలమ్మకు ఇస్తరు. ఆమె నాగలి పట్టదు. కాని చేను పండేది ఆమె చేతి గింజతోనే.

మన హాస్టల్‌లో కూడా ఇప్పుడు ఇదే ఆలోచన నడుస్తున్నది. ఖోఖో నేర్పే పదో తరగతి అక్క పరీక్షలు రాసి వెళ్ళిపోతది. ఆమె జాగాలో ఎవరిని పెడదామని వార్డెన్ మేడమ్ గారు మనల్నే అడిగారు. కొందరు బాగా ఉరికేవాళ్ళ పేరు చెప్తున్నరు, కొందరు తమ దోస్తు పేరు చెప్తున్నరు. నేను ఎవరి పేరూ రాయటం లేదు. ఒక్కటి చూడండి: ఆరో తరగతి చెల్లెళ్ళలో ఆటకు పిలవకపోతే గోడ పక్కనే నిలబడి చూసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేర్లు మనలో ఎవరికి తెలుసు? వాళ్ళను చెయ్యి పట్టి లోపలికి తెచ్చేది ఎవరు? నా చెయ్యి ఆ అక్కకే లేస్తది.

– 9వ తరగతి విద్యార్థిని