సర్టిఫికెట్లు కాల్చేసిన కుర్రాడు

అచ్యుతాపురం సెజ్‌లో ఇంటర్వ్యూకని సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని బయల్దేరే మీకు ఈ కథ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. 1916లో, ఇరవై ఏళ్ల వయసులో వినోబా భావే తన సర్టిఫికెట్లన్నీ మంటలో వేసేశారు. ఇంటర్ పరీక్షకని బొంబాయి రైలెక్కి, సూరత్‌లో దిగిపోయి కాశీ వెళ్లారు. ఆ ఏడాదే గాంధీజీ ఆశ్రమంలో చేరారు. (మీరు మాత్రం ఫైలు జాగ్రత్త!)

విరాళాల కోసం సైకిల్ మీద దేశం చుట్టేవాళ్లు ముందే రూటు, టార్గెట్ రాసుకుంటారు కదా. వినోబా అలా మొదలుపెట్టలేదు. 1951లో వార్ధా దగ్గరి పవనార్ నుంచి హైదరాబాద్ పక్కనున్న శివరాంపల్లికి సర్వోదయ సమ్మేళనం కోసం నడిచొచ్చారు. అప్పటికి తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తోంది. సమ్మేళనం అయ్యాక ఆ పల్లెల్లోకే నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఆగితే, దళిత కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలన్నాయి. సర్కారు సంగతి పక్కనపెట్టి, మీలో ఎవరైనా ఇవ్వగలరా అని ఊరివాళ్లనే అడిగారాయన. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు.

అంతే, ఆ నడక పదమూడేళ్లు దేశమంతా సాగింది. 40 లక్షల ఎకరాలకు పైగా దానం వచ్చింది. లెక్క ఇక్కడే ఆపేస్తే మాత్రం మిమ్మల్ని మోసం చేసినట్టే. అందులో చాలా భూమి సాగుకు పనికిరానిది, కొంత తగాదాల్లో ఉన్నది. పెద్ద భాగం పేదల చేతికి చేరనే లేదు. అడగడానికి ఆయన ఉన్నారు, పంచడానికి ఊరూరా అలాంటి మనుషులు దొరకలేదని నాకనిపిస్తుంది.

1982లో పవనార్‌లోనే కన్నుమూశారు. పోచంపల్లిని ఇప్పుడు భూదాన్ పోచంపల్లి అంటారు.