నిష్కళంకుడగు రామదాసు

ప్రజల సొమ్ము అపహరించెనను నింద ఒక్కనితో పోదు. వాని వంశమునకెల్ల తలవంపు తెచ్చును. భక్తాగ్రేసరుడైన రామదాసు మోసిన నింద అట్టిది.

పదునేడవ శతాబ్దిలో ఖమ్మం సీమయందలి నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ దంపతులకు జన్మించిన కంచెర్ల గోపన్నయే రామదాసు. గోలకొండ ప్రభువగు తానాషా కొలువున మంత్రులైన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలు. వారి ప్రాపున ఆయన పాల్వంచ పరగణాకు తహశీలుదారయ్యెను. భద్రాద్రిపై పోకల దమ్మక్క పందిరి వేసి పూజించుచున్న శ్రీరామునికి తగిన కోవెల లేదని చింతించి, ప్రజలిచ్చిన విరాళములకు తోడు శిస్తు సొమ్మును గూడ వెచ్చించి ఆలయము కట్టించెను. ప్రభువు అనుమతి పొందలేదు. ఆరు లక్షల వరహాలు బాకీ తేలినవనియు, పన్నెండేండ్లు గోలకొండ చెరలో మ్రగ్గెననియు ఐతిహ్యము. మేనమామలు మంత్రులై యుండియు ఆ బాకీ మాఫీ కాలేదు.

ఆ సొమ్ము ఆయన తినెనా? చెరలో పాడిన యొక కీర్తనలో సీతమ్మకును, స్వామి తమ్ములకును చేయించిన నగలను పేరుపేరున చెప్పి, వానికి పట్టిన వరహాలను గూడ ఎంచి చూపెను. అపహరించినవాడు లెక్కను దాచును. రామదాసు లెక్కను ఎలుగెత్తి పాడెను. అందు తన యింటి పద్దు ఒక్కటియు లేదు.

తుదకు రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో వచ్చి, తానాషాకు పైకము చెల్లించి రశీదు పుచ్చుకొనిరని భక్తుల విశ్వాసము. స్వామి తలచిన చెరసాల తలుపులు తామే తెరచుకొనవా? అయినను అట్లు చేయలేదు. న్యాల్‌కల్‌కు చేరువనున్న బీదరు సుల్తానుల కాలమున, కరవులో ప్రభుత్వ ధాన్యమును పేదలకు పంచిన మంగళవేఢె దామాజీ విషయమునను పాండురంగడు ఇట్లే వెల చెల్లించి రశీదు పొందెనని మహారాష్ట్ర భక్తులు చెప్పుదురు. భక్తుడైనంత మాత్రమున ఋణము లేకపోదు. దానిని స్వామి తనదిగా తలచి తీర్చును. రామదాసు నిష్కళంకుడనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

1686లో అక్కన్న, మాదన్నలు హతులైరి. 1687లో గోలకొండ మొగలుల వశమయ్యెను. తానాషా కాలమున మొదలైనదని చెప్పు ఆచారము మాత్రము నిలిచినది: శ్రీరామనవమి నాడు ప్రభుత్వము పక్షమున ముత్యాల తలంబ్రాలు నేటికిని భద్రాద్రికి వచ్చుచున్నవి.